లిఫ్ట్ కిట్ వేసిన పికప్: అంగుళాల వెనక కోణాల లెక్క

అమెరికాలో మామూలు ఇంటి గ్యారేజీ తలుపు ఎత్తు 7 అడుగులు, అంటే 84 అంగుళాలు. నాలుగు డోర్ల ఫోర్డ్ ఎఫ్-150 ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ షోరూమ్ నుంచి బయటికి వచ్చినప్పుడు దాదాపు 77 అంగుళాలుంటుంది. దానికి 4 అంగుళాల సస్పెన్షన్ లిఫ్ట్ కిట్ (బండిని పైకి లేపే విడిభాగాల సెట్) వేయించి, 32 అంగుళాల టైర్లు తీసేసి 35 అంగుళాలవి తొడిగితే, టైరు వ్యాసంలో పెరిగిన 3 అంగుళాల్లో సగం కూడా బండి ఎత్తుకి తోడవుతుంది. మొత్తం 82 దాటుతుంది. తలుపుకీ బండి కప్పుకీ మధ్య మిగిలేది అంగుళంన్నర. పైన యాంటెన్నా ఉంటే అదీ లేదు. కిట్ కొనేటప్పుడు గుర్తుకు రాని ఈ లెక్క, మొదటిరోజు సాయంత్రం బండి ఇంటికి తెచ్చినప్పుడు గుర్తొస్తుంది.

గ్యారేజీ సంగతి కంటికి కనిపిస్తుంది కాబట్టి చిన్నది. కనిపించనివి బండి కిందున్నాయి. స్ప్రింగులు, చక్రాన్ని ఫ్రేమ్‌కి కలిపే ఆర్మ్‌లు, యాక్సిల్ షాఫ్టులు, స్టీరింగ్ రాడ్లు, బ్రేక్ గొట్టాలు, ఆఖరికి హెడ్‌లైట్లు కూడా ఒక ఎత్తును లెక్కలోకి తీసుకునే, ఫ్యాక్టరీలో అమర్చారు. ఆ ఎత్తు మారితే ప్రతి కడ్డీ వాలు మారుతుంది. మంచి కిట్టంటే చెదిరిన వాలుల్లో ఎక్కువ భాగాన్ని తిరిగి చోటికి తెచ్చేది. చవక కిట్టంటే ఎత్తు మాత్రం ఇచ్చి, మిగతాది బండి మీదే వదిలేసేది. రోజూ నడిపేటప్పుడు కనిపించే తేడా అంతా ఇక్కడే పుడుతుంది.

ఇంతకీ ఎత్తు పెంచేది ఎందుకు? రాళ్ళు, గుంతలు తగలకుండా ఉండటానికి అని చాలామంది చెబుతారు. అందులో సగమే నిజం. వెనక యాక్సిల్ హౌసింగ్, దాని మధ్యలో గుమ్మడికాయలా ఉండే డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ శక్తి పంచే గేర్ల పెట్టె), రెండూ చక్రాలకి అంటిపెట్టుకుని ఉంటాయి. స్ప్రింగు ఎంత పొడుగైనా అవి నేలకి అదే దూరంలో ఉంటాయి. వాటిని పైకి లేపగలిగేది పెద్ద టైరు ఒక్కటే, అదీ పెరిగిన వ్యాసంలో సగం మేరకే. కాబట్టి సస్పెన్షన్ లిఫ్ట్ చేసే అసలు పని పెద్ద టైరుకి ఫెండర్ (చక్రం పైన కప్పే రేకు) కింద చోటివ్వడం. బాడీ, ఫ్రేమ్ పైకి లేవడం వల్ల గట్టు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు బంపర్లు తగలకపోవడం దానితో వచ్చే అదనపు లాభం. అందుకే అనుభవమున్న షాపువాళ్ళు మొదట అడిగేది ఎన్ని అంగుళాల కిట్ కావాలని కాదు, ఎంత టైరు వేస్తారని. 33 చాలనుకునేవాళ్ళకి 6 అంగుళాల కిట్ అక్కర్లేదు.

ఒకే పేరు, నాలుగు వేర్వేరు పనులు

లిఫ్ట్ అనే మాట కింద జరిగే పనులు ఒకదానికొకటి పోలిక లేనివి.

అన్నిటికంటే చవకది లెవెలింగ్ కిట్. షోరూమ్ పికప్‌లు ముక్కు కొంచెం కిందికి వంగి ఉంటాయి. అది లోపం కాదు. వెనక తొట్టిలో బరువు వేసినా, ట్రెయిలర్ తగిలించినా తోక కిందికి దిగుతుంది కాబట్టి, దిగాక సమంగా ఉండాలని అలా చేస్తారు. చూడ్డానికి అది నచ్చనివాళ్ళు ముందు స్ట్రట్ (స్ప్రింగు, షాక్ కలిసి ఉండే భాగం) పైన ఒక బిళ్ళ వేయించి ముక్కు లేపుతారు. స్ట్రట్ కింది కొస చక్రం దగ్గర కాకుండా ఆర్మ్ మధ్యలో కూర్చుంటుంది కాబట్టి, అంగుళం మందం బిళ్ళ వేస్తే చక్రం దగ్గర రెండంగుళాల దాకా తేడా వస్తుంది. బిళ్ళ ధర వంద డాలర్ల లోపు కూడా ఉంటుంది. మధ్యాహ్నానికి పని అయిపోతుంది.

రెండోది బాడీ లిఫ్ట్. ఇది నిజానికి సస్పెన్షన్ పనే కాదు. ఫ్రేమ్‌కీ పైనున్న బాడీకీ మధ్య దిమ్మలు పెడతారు. ఫ్రేమ్ ఉన్నచోటే ఉంటుంది. బంపర్ పక్కన ఖాళీ కనిపించి వికారంగా ఉంటుందని దీన్ని తక్కువగా చూస్తారు. కానీ చక్రాల కోణాలు ఏవీ చెదరవు, బండి మునుపటిలాగే మెత్తగా నడుస్తుంది. పేరు లేని ఈ పద్ధతికి దక్కాల్సిన గౌరవం దక్కలేదనే అనిపిస్తుంది.

మూడోది 2 నుంచి 3 అంగుళాల అసలైన సస్పెన్షన్ లిఫ్ట్. ముందు కొత్త కాయిలోవర్లు (ఎత్తు సరిచేసుకోగల స్ప్రింగు-షాక్ జతలు), కొత్త అప్పర్ కంట్రోల్ ఆర్మ్‌లు, వెనక కొత్త కమాన్ కట్టలు లేదా అదనంగా ఒక పట్టీ, నాలుగు కొత్త షాక్‌లు. టయోటా టకోమా లాంటి బండ్లు నడిపేవాళ్ళలో మట్టిదారుల్లోకి నిజంగా వెళ్ళేవాళ్ళు ఎక్కువగా ఆగేది ఇక్కడే.

నాలుగోది 4 నుంచి 6 అంగుళాల బ్రాకెట్ కిట్. ఇది పెద్ద ఆపరేషన్. ముందు డిఫరెన్షియల్‌ని, కింది ఆర్మ్‌లని మోసే అడ్డదూలాలు తీసేసి, వాటి స్థానంలో కిందికి వేలాడే కొత్త దూలాలు బిగిస్తారు. చక్రాన్ని పట్టుకునే నకిల్ మార్చి పొడుగుది వేస్తారు. చాలా బండ్లలో ఫ్రేమ్‌కి వెల్డ్ చేసిన పాత దూలాన్ని కోసేయాలి. ఒకసారి కోశాక బండిని పాత రూపానికి తేవడం దాదాపు జరగని పని. ఇందులో ఒక చమత్కారం ఉంది. దూలాలు కిందికి దించారు కాబట్టి యాక్సిల్ షాఫ్టుల కోణాలు మునుపటికి దగ్గరగానే ఉంటాయి. అదే కారణాన బండి మధ్యలో నేలకీ దూలానికీ ఉన్న దూరం కిట్ వల్ల పెద్దగా పెరగదు. బండి ఆరంగుళాలు లేచిందని చూసేవాళ్ళు అనుకుంటారు. రాయికి మాత్రం దూలం పాత ఎత్తులోనే ఎదురవుతుంది.

ముందు చక్రాల దగ్గర ఏం జరుగుతుంది

ఈ రోజుల్లో ఎఫ్-150 తరగతి (హాఫ్ టన్) పికప్‌లన్నిటికీ ముందు రెండు చక్రాలు విడివిడిగా కదిలే సస్పెన్షనే ఉంది. డిఫరెన్షియల్ ఫ్రేమ్‌కి బిగించి ఉంటుంది. దాని రెండు పక్కల నుంచి సీవీ షాఫ్టులు (వంగుతూనే తిరగగలిగే జాయింట్లున్న కడ్డీలు) చక్రాలకి వెళ్తాయి. ఫ్యాక్టరీ ఎత్తులో అవి నేలకి దాదాపు సమాంతరం. ఫ్రేమ్‌ని లేపితే షాఫ్టులు కిందికి వాలతాయి. సీవీ జాయింట్ ఆ వాలులోనూ తిరుగుతుంది, కాకపోతే లోపల వేడి పెరుగుతుంది, పైనున్న రబ్బరు బూటు మడతలు ఒకదానికొకటి ఒరుసుకుంటాయి. ఒరుసుకుని ఒకచోట చిరుగు పడితే గ్రీజు బయటికి చిమ్ముతుంది, దుమ్ము లోపలికి పోతుంది. చక్రం లోపలి వైపు నల్లటి చారలు కనిపిస్తే బూటు చిరిగిందని అర్థం. అప్పుడే పట్టుకుంటే బూటు మారిస్తే సరిపోతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టకటకమనే చప్పుడు మొదలయ్యాక అయితే మొత్తం షాఫ్టే మార్చాలి.

అప్పర్ ఆర్మ్ కొసన ఉండే బాల్ జాయింట్‌ది ఇంకో కథ. దానికి ఒక హద్దు వరకే వంగే వీలుంటుంది. రెండంగుళాలు లేపిన బండికి పాత ఆర్మ్‌లే ఉంచితే, మామూలు రోడ్డు మీదే జాయింట్ ఆ హద్దుకి దగ్గరగా పనిచేస్తుంటుంది. గుంతలోకి చక్రం దిగిందంటే హద్దు తగులుతుంది, లేదా ఆర్మ్ వెళ్ళి స్ప్రింగుని తాకుతుంది. కొత్త ఆర్మ్‌లు వేయమని షాపువాళ్ళు చెప్పేది ఊరికే బిల్లు పెంచడానికి కాదు.

ఆ ఆర్మ్‌లకి రెండో పని కూడా ఉంది. సైకిల్ ముందు ఫోర్క్ వెనక్కి వాలి ఉండటం వల్ల కూడా చేతులు వదిలినా కాసేపు తిన్నగా పోతుంది. కార్లలో ఆ వాలుని కాస్టర్ అంటారు. ముందు భాగం లేపితే ఈ వాలు తగ్గుతుంది. తగ్గితే మలుపు తిరిగాక స్టీరింగ్ తనంత తాను వెనక్కి రాదు. హైవే మీద 70 మైళ్ళ వేగంలో బండి అటూ ఇటూ వెతుక్కుంటూ పోతుంది, గంట డ్రైవింగ్‌కే భుజాలు లాగేస్తాయి. చాలామంది దీన్ని టైర్ల మీదకో గాలి మీదకో నెట్టేస్తారు. అలైన్‌మెంట్ కాగితంలో కాస్టర్ అంకె చూస్తే విషయం తేలిపోతుంది. లిఫ్ట్ తర్వాత అలైన్‌మెంట్ చేయించడమే కాదు, ఆ కాగితం అడిగి తీసుకోవాలి. 'అంతా గ్రీన్‌లో ఉంది సార్' అనే మాట చాలదు. గ్రీన్ అంటే ఫ్యాక్టరీ ఎత్తుకి పెట్టిన పరిధి. 35 అంగుళాల బరువైన టైర్లున్న బండికి కాస్టర్ ఆ పరిధి పైకొసన ఉండాలి.

కాయిలోవర్‌ని పైకి బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందనే అపోహ కూడా బాగా చెలామణిలో ఉంది. స్ప్రింగు గట్టితనం తీగ మందం, చుట్ల సంఖ్యలో ఉంటుంది, బిగిస్తే మారదు. మారేది చక్రం కిందికి దిగగలిగే దూరం. బండిని ఎంత పైకి లేపితే అంత దూరం ముందే ఖర్చయిపోతుంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగేటప్పుడు చక్రం వేలాడుతూ చివరికి చేరుకుని ఠక్కున కొట్టే చప్పుడు అదే. గట్టి స్ప్రింగు వేశారేమో అనుకుని షాక్ మార్చేవాళ్ళున్నారు. నిజానికి ఒక అరంగుళం కిందికి దించితే ఆ చప్పుడు పోతుంది.

ఫోర్డ్ సూపర్ డ్యూటీ, రామ్ 2500 లాంటి పెద్ద బండ్ల ఫోర్ వీల్ డ్రైవ్ మోడళ్ళకి ముందు కూడా ఒకే కడ్డీగా ఉండే గట్టి యాక్సిల్ ఉంటుంది. వాటికి సీవీ గొడవ లేదు. అయితే యాక్సిల్ పక్కకి జరగకుండా పట్టుకునే ట్రాక్ బార్ ఏటవాలుగా ఉంటుంది. బండి లేచేకొద్దీ అది యాక్సిల్‌ని ఒక పక్కకి లాగుతుంది. స్టీరింగ్ రాడ్ కోణం కూడా దానితో జత తప్పితే ప్రతి గుంతకీ స్టీరింగ్ దానంతట అదే తిరుగుతుంది. వీటికి లూజు బుష్‌లు (జాయింట్ల మధ్య ఉండే రబ్బరు తొడుగులు) తోడైతే వచ్చేదే 'డెత్ వాబుల్'. ఒక గుంత తగలగానే ముందు చక్రాలు రెండూ పిచ్చిగా అటూ ఇటూ కొట్టుకుంటాయి, వేగం బాగా తగ్గిస్తేగానీ ఆగవు. స్టీరింగ్ డాంపర్ (స్టీరింగ్ ఊపుని అణిచే షాక్) మారిస్తే కొన్నాళ్ళు మరుగున పడుతుంది తప్ప నయం కాదు. అరిగిన జాయింటు ఎక్కడుందో వెతకాలి.

వెనక కమాన్లు, ప్రొపెల్లర్ షాఫ్టు

వెనక ఎత్తు పెంచడానికి సులువైన దారి కమాన్ కట్టకీ యాక్సిల్‌కీ మధ్య ఒక ఇనుప దిమ్మ. మామూలు వాడకానికి 2 అంగుళాల లోపు దిమ్మతో ఇబ్బంది లేదు. దిమ్మ ఎత్తు పెరిగితే యాక్సిల్ మెలితిరగడానికి అంత పొడుగు మీట దొరికినట్టే. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కమాన్లు ఎస్ ఆకారంలో వంగి, వెంటనే విదిల్చుకుంటాయి. దిమ్మ మీద దిమ్మ పేర్చడం మాత్రం ఏ ఎత్తులోనూ చేయకూడని పని. కొత్త కమాన్ కట్టలకి డబ్బెక్కువ, కానీ బండిని పనికి వాడేవాళ్ళకి అవే మేలు.

లిఫ్ట్ వేయించిన వారానికే షాపుకి తిరిగొచ్చే బండ్లలో వినిపించే ఫిర్యాదు సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు వచ్చే వణుకు. దీని మూలం ఇంజిన్ శక్తిని వెనక యాక్సిల్‌కి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ జాయింట్లలో ఉంది. వంగిన కోణంలో తిరిగే క్రాస్ జాయింట్ ఒకే వేగంతో తిరగదు. ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెంచుకుని రెండుసార్లు తగ్గించుకుంటుంది. షాఫ్టు రెండు కొసల్లో ఉన్న జాయింట్ల కోణాలు సమానంగా ఉంటే ఒకదాని ఎగుడుదిగుడుని ఇంకోటి రద్దు చేస్తుంది. వెనక భాగం లేస్తే ఆ సమానత్వం పోతుంది. యాక్సిల్ కింద చీలిక ఆకారపు రేకు పెట్టి దాని వాలు సరిచేయడం, రెండు ముక్కల షాఫ్టున్న బండ్లలో మధ్య బేరింగ్‌ని కాస్త కిందికి దించడం దీనికి మందు. రేకు ఒక డిగ్రీ తేడాతో వేసినా వణుకు పోవచ్చు, పెరగనూవచ్చు. అందుకని కోణం కొలిచే పరికరం లేకుండా అందాజుగా చేసే షాపుని నమ్మడం మంచిది కాదు.

పెద్ద టైరు తెచ్చే లెక్కలు

32 నుంచి 35కి వెళ్ళిన బండి స్పీడోమీటర్ 60 చూపిస్తుంటే అసలు వేగం 65 దాటి ఉంటుంది. ఓడోమీటర్ 100 మైళ్ళు తిరిగాననేసరికి బండి 109 మైళ్ళు తిరిగేసి ఉంటుంది. మైలేజీ దారుణంగా పడిపోయిందని బాధపడేవాళ్ళ బాధలో కొంత ఈ లెక్క తప్పే. కంప్యూటర్‌లో టైరు కొలత మారిస్తే రెండూ సర్దుకుంటాయి. మిగతాది నిజమైన నష్టమే. ఎత్తయిన బండి ఎక్కువ గాలిని తోసుకుంటూ పోవాలి, గరుకు ట్రెడ్ ఎక్కువ రాపిడి పుట్టిస్తుంది, బరువైన టైరుని తిప్పడానికీ ఆపడానికీ ఎక్కువ శక్తి పడుతుంది. బ్రేకులు మాత్రం పాతవే.

గేరు నిష్పత్తి కూడా మారినట్టే అవుతుంది. 3.73 యాక్సిల్ (చక్రం ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ 3.73 చుట్లు తిరిగేది) ఉన్న బండి 35 టైర్లతో 3.41 ఉన్నట్టు నడుస్తుంది. ఖాళీ బండికి పదేసి గేర్లున్న కొత్త ట్రాన్స్‌మిషన్లు దీన్ని కప్పేస్తాయి. ట్రెయిలర్ లాగేటప్పుడు మాత్రం మాటిమాటికీ గేరు మారుతూ, ఆయిల్ వేడెక్కుతూ బయటపడుతుంది. మళ్ళీ పాత లాగుడు కావాలంటే 4.10 గేర్లు వేయించాలి, ఫోర్ వీల్ డ్రైవ్ కాబట్టి ముందూ వెనకా రెండు యాక్సిల్స్‌కీ. ఈ ఖర్చు కొన్నిసార్లు కిట్ ధరని మించిపోతుంది.

స్టెప్నీ సంగతి చాలామంది మర్చిపోతారు. తొట్టి కింద వేలాడే చోటులో 35 టైరు చాలా బండ్లకి పట్టదు. పాత 32 టైరునే ఉంచుకుని, పంక్చరైనప్పుడు వెనక యాక్సిల్‌కి తగిలిస్తే రెండు చక్రాలు వేర్వేరు వేగాలతో తిరిగి డిఫరెన్షియల్ ఆగకుండా పనిచేయాల్సి వస్తుంది. ఫోర్ వీల్‌లో వేస్తే ముందు వెనక యాక్సిల్స్‌కి శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ బిగుసుకుపోతుంది. ఐదు టైర్లు కొనాలన్నది లెక్కలో మొదటే రాసుకోవాలి. గాలి కూడా డోర్ మీద అంటించిన కాగితం ప్రకారం కాదు. ఆ అంకె పాత టైరుది. ట్రెడ్ అడ్డంగా సుద్దముక్కతో గీత గీసి కొంచెం దూరం నడిపితే, మధ్యలో చెరిగిందా అంచుల్లో చెరిగిందా అన్నదాన్ని బట్టి గాలి ఎక్కువో తక్కువో తెలుస్తుంది. పాత పద్ధతే, ఇప్పటికీ పనికొస్తుంది.

ఇంట్లోవాళ్ళకి, ఎదురొచ్చేవాళ్ళకి

టెక్సస్‌లో ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనో చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. పికప్ అంటే ఇష్టపడి కొన్న కుర్రాళ్ళూ ఉంటారు. 6 అంగుళాలు లేపిన బండి అసలు పరీక్ష ఎండాకాలం సెలవులకి ఊరి నుంచి అమ్మానాన్న వచ్చినప్పుడు ఎదురవుతుంది. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ చీరతో సీటు ఎక్కాలంటే సైడు మెట్టు, లోపల పట్టుకోవడానికి పిడి, పక్కన ఒకరి చెయ్యి, మూడూ కావాలి. తలుపు తెరవగానే కరెంటుతో కిందికి దిగే మెట్లు ఖరీదైనవే, అయినా ఇలాంటి ఇంట్లో షాక్‌ల కంటే ముందు కొనాల్సినవి అవే. వెనక తొట్టిదీ అంతే. ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన 20 పౌండ్ల బియ్యం బస్తాని నడుము దగ్గర నుంచి తోసేయడం వేరు, ఛాతీ ఎత్తుకి ఎత్తి వేయడం వేరు. ట్రెయిలర్ తగిలించే హిచ్ కూడా పైకి లేస్తుంది కాబట్టి ట్రెయిలర్ సమంగా ఉండాలంటే కిందికి దిగే బాల్ మౌంట్ కొత్తది కొనాలి. బండి మోయగలిగే బరువు లిఫ్ట్‌తో పెరగదు. కిట్, టైర్ల బరువు అందులోంచే పోతుంది.

ఎదురొచ్చేవాళ్ళ ఇబ్బంది హెడ్‌లైట్లతో మొదలవుతుంది. ముక్కుని 2 అంగుళాలు లేపితే 145 అంగుళాల వీల్‌బేస్ ఉన్న బండిలో దీపం వాలు ఎంతో కొద్దిగా మారినట్టుంటుంది. 100 అడుగుల దూరంలో మాత్రం వెలుగు 16 అంగుళాలకి పైగా ఎగబాకుతుంది. ఎదుటి కారు డ్రైవర్ కళ్ళు సరిగ్గా అక్కడే ఉంటాయి. దీపాలు సరిచేయడానికి ఒక స్క్రూడ్రైవరూ, చదునైన చోటూ, 25 అడుగుల దూరంలో ఒక గోడా చాలు. పైసా ఖర్చు లేని ఈ పని చేయకుండా రోడ్డెక్కడం బద్ధకం తప్ప మరొకటి కాదు. లేన్ చూసే కెమెరా, ముందు బండి దూరం కొలిచే రాడార్ ఉన్న మోడళ్ళకి వాటినీ కొత్త ఎత్తుకి తగ్గట్టు సరిచేయించాలి.

బండి బోల్తా పడే అవకాశాన్ని అంచనా వేయడానికి అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వాడే సూత్రం చాలా సులువు. రెండు చక్రాల మధ్య వెడల్పుని, బరువు కేంద్రం ఎత్తుకి రెట్టింపుతో భాగించాలి. ఉదాహరణకి వెడల్పు 68 అంగుళాలు, కేంద్రం 28 అంగుళాల ఎత్తులో ఉంటే 1.21 వస్తుంది. కేంద్రం 4 అంగుళాలు లేస్తే అదే బండి 1.06కి పడిపోతుంది. మామూలు కార్లు 1.3 నుంచి 1.5 మధ్య ఉంటాయి. చక్రాలు బయటికి జరిపితే ఈ అంకె కొంత కోలుకుంటుంది, కానీ వీల్ బేరింగుల మీద భారం పెరుగుతుంది, బురదంతా తలుపుల మీదికి చిమ్ముతుంది. 2012 మోడళ్ళ నుంచి తేలికపాటి వాహనాలన్నిటికీ తప్పనిసరైన స్టెబిలిటీ కంట్రోల్ (బండి అదుపు తప్పకుండా చూసే వ్యవస్థ) కూడా ఫ్యాక్టరీ ఎత్తుని బట్టి లెక్కలేసుకున్నదే.

2003లో కార్ల కంపెనీలు తమలో తాము ఒక ఒప్పందానికొచ్చాయి. కారుతో పికప్ గుద్దుకుంటే పికప్ ఫ్రేమ్ కారు బంపర్ మీదుగా లోపలికి దూసుకుపోకుండా, దెబ్బని మోసే భాగాలు నేల నుంచి 16 నుంచి 20 అంగుళాల మధ్య ఉండే బంపర్ పట్టీకి ఎదురుపడేలా చూస్తామని. 2009 సెప్టెంబరు నాటికి అమలు చేశారు. 6 అంగుళాల కిట్ ఆ పనినంతా ఒక పూటలో రద్దు చేస్తుంది. పాదచారుల విషయం కూడా తీసిపారేసేది కాదు. బానెట్ అంచు 40 అంగుళాలు మించిన బండ్లు, 30 అంగుళాలు లేదా అంతకంటే తక్కువుండి ముక్కు వాలుగా ఉన్న బండ్ల కంటే పాదచారి ప్రాణం తీసే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువని బీమా కంపెనీల భద్రతా సంస్థ ఐఐహెచ్‌ఎస్ 2023లో ప్రకటించింది. పెద్ద పికప్‌లు చాలావరకు ఫ్యాక్టరీలోనే ఆ గీత దాటేశాయి.

చట్టం రాష్ట్రానికొక తీరు. హెడ్‌లైట్లు నేల నుంచి 54 అంగుళాలకి మించకూడదని టెక్సస్ చట్టం చెబుతుంది. కాలిఫోర్నియా బండి బరువుని బట్టి ఫ్రేమ్ ఎత్తుకి హద్దు పెట్టింది. ముక్కు ఆకాశానికీ తోక నేలకీ ఉండే 'కరోలైనా స్క్వాట్' ఫ్యాషన్‌ని నార్త్ కరోలైనా 2021 డిసెంబరు నుంచి, ఆ తర్వాత వర్జీనియా, సౌత్ కరోలైనా నిషేధించాయి. దాన్ని వెనకేసుకు రావడానికి సాంకేతికంగా ఒక్క కారణమూ దొరకదు. అలాంటి బండి డ్రైవరుకి ముందు రోడ్డు కంటే ఆకాశమే ఎక్కువ కనిపిస్తుంది.

వారంటీ గురించి రెండు వైపులా అతిశయోక్తులు నడుస్తుంటాయి. 1975 నాటి మాగ్నుసన్-మాస్ చట్టం ప్రకారం బయటి కిట్ వేశారన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీ కొట్టేయడానికి లేదు. పాడైన భాగం ఆ కిట్ వల్లే పాడైందని కంపెనీ చూపించాలి. ఏసీ పనిచేయకపోతే లిఫ్ట్ మీదికి నెట్టలేరు. సీవీ షాఫ్ట్ పోతే నెట్టడం తేలిక. ఈ టెన్షన్ వద్దనుకునేవాళ్ళ కోసం కంపెనీలే ఎత్తు పెంచి అమ్ముతున్నాయి. షెవర్లే సిల్వరాడో ట్రయల్ బాస్, జీఎంసీ సియెరా ఏటీ4 రెండూ 2 అంగుళాల ఫ్యాక్టరీ లిఫ్ట్‌తోనే వస్తాయి. తన పెద్ద పికప్ టండ్రాకి టయోటా 3 అంగుళాల కిట్ డీలర్ల దగ్గరే అమ్ముతోంది. బీమా కంపెనీకి మార్పుల గురించి చెప్పకపోతే క్లెయిమ్ రోజున ఆ మౌనమే అడ్డం పడొచ్చు.

ఇండియాలో దారి ఇంకా ఇరుకు. తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ ఇక్కడి పికప్ అభిమానుల బండి. అయితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52, రిజిస్ట్రేషన్‌లోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వాటికి భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చడానికి ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది కూడా.

వేయించాక

కొత్తగా బిగించిన బోల్టులు కొన్ని వందల మైళ్ళు తిరిగేసరికి కూర్చుంటాయి. 500 మైళ్ళు తిరిగాక ఒకసారి టార్క్ రెంచితో అన్నీ తిరిగి చూడాలి. బుష్‌ల విషయంలో ఇంకో మెలిక ఉంది. బండి జాకీ మీద, చక్రాలు వేలాడుతుండగానే ఆర్మ్ బోల్టులు పూర్తిగా బిగించేస్తే, బండి కిందికి దిగాక రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది. కొన్ని నెలల్లో చిరుగుతుంది. చక్రాలు నేలమీద పెట్టి, బండి బరువంతా దిగాకే ఆ బోల్టులు చివరిగా బిగించాలి. తొందరలో ఉన్న షాపుల్లో తరచూ తప్పే మెట్టు ఇది. పాలీయురేథేన్ బుష్‌లున్న కిట్‌కి గ్రీజు పెట్టడం మానేస్తే బండి పాత మంచంలా కిర్రుకిర్రుమంటుంది. ఉత్తర రాష్ట్రాల్లో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు, బయటికి కనిపించే జాయింట్లని తొందరగా తినేస్తుంది.

లిఫ్ట్ వేసిన సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్ళు రంగు చూసే ముందు ఒక టేపు తీసుకుని నాలుగు చక్రాల నడిమధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలవాలి. ఎడమకీ కుడికీ అరంగుళం పైన తేడా ఉంటే ఎందుకో అడగాలి. తర్వాత కింద పడుకుని బూట్ల మడతలు, దిమ్మల వరస, బ్రేక్ గొట్టాలు బిగుసుకుని ఉన్నాయా అన్నది చూడాలి. చివరిగా, బండి నుంచి తీసేసిన అసలు స్ట్రట్లు, కమాన్లు అమ్మేవాళ్ళ గ్యారేజీలో ఉన్నాయేమో కనుక్కోవాలి. దాచిపెట్టినవాళ్ళు వాటిని ఎంతో కొంతకి ఇచ్చేస్తారు. పారేసినవాళ్ళ బండికి ధర ఆ మేరకు తగ్గించి అడగొచ్చు.